గుప్త సందేశాల లెక్కింపు

ఉప్పుటేరుల పర్యవేక్షణ మండలిలో రహస్యాలు కాపాడాలన్న పట్టుదల ఒక చేప వల్ల పుట్టింది.

మండలి డైరెక్టరు పరాంకుశం గారు, పైనుంచి ఎవరో పెద్దవారు తనిఖీకి వస్తున్నారని తెలిసి, భోజనంలోకి మంచి పండుగప్ప సంపాదించమని ఆఫీసు ఫోను గ్రూపులో రాశారు. మర్నాటికల్లా ఆ మాట ఫొటోతో సహా జిల్లా పేపర్లో వచ్చింది. ఏరుల పర్యవేక్షణ అంటే ఏట్లోది వండించడమా అని కింద ఒక వ్యాఖ్య కూడా వేశారు. గ్రూపులో ఉన్నవాళ్ళలోనే ఎవరో ఫొటో తీసి పంపించి ఉంటారని ఆఫీసులో అందరికీ తెలుసు. డైరెక్టరు గారికి మాత్రం ఇదంతా దారిలో ఎవరో దొంగలు మాటను మధ్యలో పట్టుకుని చదివేయడం వల్ల జరిగిందనే నమ్మకం కుదిరింది. తన సిబ్బందిని అనుమానించడం ఆయన స్వభావం కాదు. అంతకన్నా యంత్రాలను అనుమానించడం తేలిక.

ఆ వారంలోనే సర్క్యులరు వచ్చింది. "ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, ఇకమీదట మండలిలో జరుగు సమస్త సమాచార వినిమయము గుప్తలిపిలో, డిజిటల్ సంతకముతో మాత్రమే జరుగవలెను. విప్పి చదువదగిన సందేశము పంపినవారు శిక్షార్హులు."

ఆ సర్క్యులరు అందుకున్నవాళ్ళలో గుబ్బల హైమవతి ఒకతె. మొగలేరు లాకుల మీద అసిస్టెంటు ఇంజనీరు. మొగలేరు కొత్తరేవు ఊరి పక్కగా పోయి సముద్రంలో కలుస్తుంది. సముద్రం పోటు మీదున్నప్పుడు ఉప్పునీరు ఏట్లోకి ఎగదన్నకుండా షట్టర్లు దించాలి, ఆటు వచ్చాక ఎత్తి పైనుంచి వచ్చే మురుగు వదిలెయ్యాలి. దించితే ఉప్పునీరు అందక రొయ్యల చెరువులవాళ్ళకు కోపం, దించకపోతే వరి రైతులకు నష్టం. అందుకని షట్టర్ల మీద చెయ్యి వెయ్యాలంటే డైరెక్టరు గారి ఆదేశం ఉండాలని ఎప్పటినుంచో కట్టుబాటు. హైమవతి ఫోను చేసేది, ఆయన సరేననేవారు, లస్కరు యేసుబాబు చక్రం తిప్పేవాడు. ఆరేళ్ళుగా పని ఇలాగే నడిచింది.

గుప్తలిపి నేర్పడానికి హైదరాబాదు నుంచి రెహానా అనే అమ్మాయిని పిలిపించారు. చిన్నదైనా విషయం క్షుణ్ణంగా తెలిసిన మనిషి. ప్రతివాళ్ళకూ రెండేసి తాళంచెవులు ఉంటాయని చెప్పింది. ఒకటి పబ్లిక్ కీ, దాన్ని ఊరందరికీ ఇచ్చేయవచ్చు. రెండోది ప్రైవేట్ కీ, దాన్ని ప్రాణం పోయినా ఎవరికీ ఇవ్వకూడదు. హైమవతికి ఎవరైనా ఏదైనా పంపాలనుకుంటే హైమవతి పబ్లిక్ కీతో మూసి పంపుతారు. అలా మూసినదాన్ని తెరవడం ఆమె ప్రైవేట్ కీ వల్ల తప్ప ఇంకెవరివల్లా కాదు, చివరికి మూసినవాడి వల్ల కూడా కాదు.

హాల్లో చాలా ముఖాలు అయోమయంగా కనిపించేసరికి ఆ అమ్మాయి ఇంకోలా చెప్పింది.

"గుళ్ళో హుండీ చూశారు కదండీ. వచ్చినవాళ్ళెవరైనా దాంట్లో వెయ్యొచ్చు. తీసేది మాత్రం తాళంచెవి ఉన్నవాళ్ళే. పబ్లిక్ కీ అంటే హుండీకున్న ఆ కంత. ప్రైవేట్ కీ అంటే దాని తాళంచెవి."

అప్పుడు హాలంతా తలలాడించింది. సంతకం సంగతి కూడా చెప్పింది. అది చేతిరాత కాదు, పంపేవాళ్ళ ప్రైవేట్ కీని, రాసిన విషయాన్ని కలిపి లెక్కగట్టి వేసే ముద్ర. పంపినవాళ్ళ పబ్లిక్ కీ ఉన్న ఎవరైనా అది నిజమైనదో కాదో సరిచూడవచ్చు. ఉత్తరంలో ఒక్క అక్షరం మార్చినా ముద్ర సరిపడదు. హైమవతికి ముచ్చటేసింది. ఎక్కడో ఉన్న మనిషి రాసింది మరొకరు చూడకుండా, మార్చకుండా తనదాకా రావడమంటే మాటలా అనుకుంది.

ముందు వరసలో కూర్చుని అన్నీ రాసుకున్నవారు సూపరింటెండెంటు భుజంగరావు గారు. సర్వీసు నిబంధనలు ఆయనకు కంఠోపాఠం. పాతికేళ్ళ కిందట కొంతకాలం దేవాదాయ శాఖలో డెప్యుటేషన్ మీద పనిచేసి వచ్చారు. రెహానా మాటల్లో ఆయనకు బాగా పట్టుబడింది హుండీ ఒక్కటే.

ఆ అమ్మాయి రైలెక్కగానే ఆయన నోటు పెట్టారు. పబ్లిక్ కీ అనగా ప్రజలది. ప్రజల ఆస్తిని కనబడినవాళ్ళందరికీ పంచిపెట్టడం నేరం కాబట్టి పబ్లిక్ కీలను ఆఫీసు బీరువాలో భద్రపరచాలి, కావలసినవారు కారణం చూపి దరఖాస్తు పెట్టుకోవాలి. ప్రైవేట్ కీ అనగా సొంతానిది. ప్రభుత్వోద్యోగికి పనివేళల్లో సొంత వ్యవహారం ఉండటానికి వీల్లేదు కాబట్టి ప్రైవేట్ కీలను కూడా ఆఫీసు బీరువాలోనే జమ చెయ్యాలి. డైరెక్టరు గారు నోటు చదివి, ఇంత స్పష్టంగా ఆ హైదరాబాదు అమ్మాయి కూడా చెప్పలేదని మెచ్చుకుని సంతకం పెట్టారు. డైరెక్టరు కావడం చేత తన కీలను మాత్రం తన దగ్గరే ఉంచుకున్నారు.

హైమవతి భుజంగరావు గారి దగ్గరికి వెళ్ళి, ప్రైవేట్ కీ ఇచ్చేస్తే నాకొచ్చిన సందేశాలు నేనెలా చదువుకోనండీ అని అడిగింది. ఆయన ఆ ప్రశ్నకు సంతోషించారు. దానికీ ఏర్పాటుందన్నారు.

"హుండీని ఎవరు పడితే వాళ్ళు ఎప్పుడు పడితే అప్పుడు తెరుస్తారామ్మా? లెక్కింపుంటుంది. నెలాఖరు పనిదినం నాడు, సాక్షుల సమక్షంలో, పంచనామా రాసి మరీ తెరుస్తాం. ఎవరి సందేశం వాళ్ళకి పైకి చదివి వినిపిస్తాం. మీకేం శ్రమ ఉండదు."

మొదటి లెక్కింపు పండగలా జరిగింది. తివాచీ పరిచారు, సాక్షులకు కుర్చీలు వేశారు, టీలు పోశారు. భుజంగరావు గారు బీరువా సీలు పగలగొట్టి, ఒక్కొక్కరి కీతో ఒక్కొక్క సందేశం తెరిపించి, గొంతు సవరించుకుని చదివారు. గుమాస్తా ఒకడు తమ్ముడి పెళ్ళికి పెట్టుకున్న సెలవుచీటీ బయటపడింది. పెళ్ళయి పదిరోజులైంది, పెళ్ళికూతురు కాపరానికి కూడా వచ్చేసింది. డ్రైవరుకు డైరెక్టరు గారు పంపిన అత్యంత రహస్యం అన్న గుర్తున్న సందేశంలో, అమ్మగారి జాకెట్లు టైలరు దగ్గర నుంచి తెమ్మనీ, చేతులు పొట్టిగా కుట్టాడేమో చూసుకోమనీ ఉంది. భుజంగరావు గారు దాన్ని అదే గంభీరమైన గొంతుతో చదివి, జాకెట్ల సంఖ్య పంచనామాలో వేయించారు. క్యాషియరు తన మొలల ఆపరేషను గురించి రాసుకున్న మెడికల్ లీవు కూడా ఆ సభలోనే విప్పబడింది. ఆయన అప్పటినుంచి ఎవరి ముఖమూ చూడలేక రోజూ అందరికన్నా ముందు వచ్చి, అందరూ వెళ్ళాక వెళ్ళేవాడు. దానివల్ల క్యాషు సెక్షనులో సమయపాలన మెరుగుపడిందని నివేదికలో రాసుకున్నారు.

హైమవతికి ఆ నెల వచ్చిన సందేశాలన్నీ షట్టర్లు ఎత్తమనో దించమనో చెప్పినవే. ఏ పూట పోటుకు ఏ ఆదేశమో ఇప్పుడు కలుపుకున్నా లాభం లేదు. అదృష్టవశాత్తు ఆ నెలంతా ఏరు నెమ్మదిగా ఉంది. ఆదేశాలు లేకుండానే ఆమె, యేసుబాబు కంటికి ఆనినట్టు ఎత్తుతూ దించుతూ గడిపేశారు. అది తప్పని ఇద్దరికీ తెలుసు. అడిగేవాళ్ళకు కూడా సమాచారం నెలాఖరుకు గాని అందదన్న ధైర్యం కొంత ఉండేది.

కార్తీకం వెళ్ళే అమావాస్యకు ఆ ధైర్యం చాలలేదు. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది. అమావాస్య పోటుకు గాలి తోడైతే సముద్రం ఎంత దూరం లోపలికి వస్తుందో మొగలేటి మీద పుట్టినవాళ్ళకు చెప్పక్కర్లేదు. అవతల పొలాలన్నీ కోతకు వచ్చి ఉన్నాయి. ఒక్కసారి ఉప్పునీరు నిలబడిందంటే ఈ పంటే కాదు, తర్వాతి పంటలు కూడా దక్కవు. ఇవతల రొయ్యల చెరువులవాళ్ళు అప్పటికే ఒక పెద్దమనిషి చేత చెప్పించారు, ఆర్డరు లేకుండా షట్టరు దించితే ఊరుకోమని.

మధ్యాహ్నానికి హైమవతి ఫోనుకు డైరెక్టరు గారి సందేశం వచ్చింది. తెరచి చూస్తే అంకెలు, అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా ఒక పేజీ నిండా ఉన్నాయి. చివర సంతకమని ఇంకో మూడు వరసల గందరగోళం. ఆమె బీరువా దగ్గరికి వెళ్ళింది. భుజంగరావు గారు నిజంగానే బాధపడ్డారు. సాక్షుల్లో ఒకాయన తుపాను భయానికి ఊరెళ్ళిపోయాడు. నెలాఖరు ఇంకా రాలేదు.

"మీరు రాసిన రూలే కదండీ. ఒక్కపూటకి మీరే సడలించండి," అంది హైమవతి.

"రాసింది నేనేనమ్మా. సర్క్యులరు అయ్యాక అది నాది కాదు, ప్రభుత్వానిది. ప్రభుత్వం చెప్పింది కాదనడానికి నేనెవణ్ణి?" అన్నారాయన. ఆ మాటలో కపటమేమీ లేదు. ఆమెకు మంచినీళ్ళు తెప్పించి ఇచ్చారు కూడా.

ఆమె డైరెక్టరు గారికి ఫోను చేసింది. ఆయన రాజధానిలో ఉన్నారు. గుప్త పరిపాలనలో విశేష కృషికి మండలికి ఇస్తున్న అవార్డు అందుకోవడానికి వెళ్ళారు. వెనకనుంచి మైకులో ఎవరో ఉపన్యసిస్తున్న చప్పుడు వస్తోంది. పోటు ఎక్కుతోంది, షట్టర్లు దించమంటారా అని అడిగింది. ఆదేశం ఎప్పుడో పంపించానన్నారాయన. అందులో ఏముందో చెప్పమని బతిమాలింది.

"రహస్య సందేశంలో ఏముందో ఫోనులో చెబితే అది రహస్యం ఎలా అవుతుందమ్మా? అదీగాక మాట్లాడుతున్నది హైమవతేనని నాకు రుజువేమిటి?"

"నా గొంతు మీకు తెలుసు కదండీ. ఆరేళ్ళ నుంచి ఇదే గొంతుతో అడుగుతున్నాను."

"గొంతు సంతకం కాదు," అన్నారు డైరెక్టరు గారు. "అడగదలచుకున్నది రాసి, డిజిటల్ సంతకం చేసి పంపండి. సరిచూసి జవాబిస్తాను."

సంతకం చెయ్యాలంటే ప్రైవేట్ కీ కావాలి. ప్రైవేట్ కీ బీరువాలో ఉంది. ఈ మాట ఆమె చెప్పేలోపు అవతల చప్పట్లు మోగాయి, ఫోను పెట్టేశారు.

హైమవతి కాసేపు ఆఫీసు వరండాలో నిలబడింది. గాలికి వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలు వాటంతటవే నడుస్తున్నాయి. దించితే ఉద్యోగం మీదికి వస్తుంది. దించకపోతే ఎవరూ ఏమీ అనలేరు. ఆదేశం చదివే వీలు లేకపోయిందని రాసుకోవచ్చు, ఫైలు బ్రహ్మాండంగా నిలబడుతుంది. ఆ ఫైలు ఎంత బాగా నిలబడుతుందో తలచుకునేసరికి ఆమె మెట్లు దిగింది. స్కూటరు తీసింది.

లాకుల దగ్గర యేసుబాబు వంతెన మీద తడుస్తూ ఎదురు చూస్తున్నాడు.

"నీరు ఎగదన్నుతుందండి. ఆర్డరొచ్చిందాండి?" అన్నాడు.

"వచ్చింది. ఏముందో తెలీదు," అంది హైమవతి. "దించేద్దాం."

"ఆయ్," అన్నాడు యేసుబాబు, ఇంకేమీ అడక్కుండా.

ఇద్దరూ చక్రాలకు పడ్డారు. చివరి షట్టరు తుప్పు పట్టి సగంలో బిగుసుకుపోయింది. గట్టు మీద గుంపుగా నిలబడ్డ రైతుల్లో కొందరు వచ్చి గొలుసు పట్టుకున్నారు. చెరువులవాళ్ళ మనిషొకడు అడ్డంగా వచ్చి ఆర్డరు చూపించమన్నాడు. హైమవతి ఫోను తీసి ఆ పేజీడు గందరగోళం అతని ముఖం ముందు పెట్టింది. అతను చాలాసేపు చూసి, ఇది చాలా పెద్ద ఆర్డరులా ఉందే అని పక్కకు జరిగాడు. గుప్తలిపి వల్ల మండలికి కలిగిన ప్రయోజనం ఏదైనా ఉందంటే అదొక్కటే. షట్టరు కిర్రుమంటూ దిగిపోయింది. చీకటి పడకముందే సముద్రం వచ్చి తలుపులను గుద్దడం మొదలెట్టింది. నీళ్ళు తలుపుల పైఅంచు దాకా వచ్చి, వంతెన మీదికి తుంపర్లు కొట్టి, అక్కడే ఆగాయి. పొలాలు దక్కాయి.

నెలాఖరు లెక్కింపులో ఆమె సందేశం తెరిచారు. భుజంగరావు గారు చదివారు. "వాయుగుండము దృష్ట్యా మొగలేరు లాకుల విషయమై తక్షణమే తగు చర్య తీసుకొని నివేదించవలెను." అంతే ఉంది. దించమనీ లేదు, ఎత్తమనీ లేదు. హైమవతికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తగు చర్య తీసుకున్నట్టే కదా, ఇక గొడవ లేదు అనుకుంది.

గొడవ అక్కడే మొదలైంది. అవార్డుతో తిరిగొచ్చిన డైరెక్టరు గారికి ఒక అనుమానం వచ్చింది. కీ బీరువాలో ఉండగానే సందేశాన్ని ఈమె అందిన రోజే అక్షరం పొల్లుపోకుండా ఎలా అమలు చేసింది? తెరవని ఆదేశాన్ని పాటించిందంటే గుప్తలిపిని ఛేదించినట్టే. అవార్డు పొందిన గుప్తలిపిని ఛేదించడం చిన్న నేరం కాదు. ఆమె మీద చార్జిమెమో తయారైంది. వారంలోగా సంజాయిషీ ఇచ్చుకోవాలని రాసి, నిబంధన ప్రకారం దాన్ని ఆమె పబ్లిక్ కీతోనే మూసి పంపారు. అది వచ్చే నెలాఖరు దాకా తెరుచుకోదు. గడువులోగా జవాబు రాలేదని రెండో మెమో, రెండోదానికి జవాబు లేదని మూడోది పంపారు. మూడూ ఆమె ఫోనులో పక్కపక్కనే మూతలు పడి కూర్చున్నాయి. తనకేదో ముంచుకొస్తోందని తెలుసు, ఏమిటో తెలియదు. ఆ రోజుల్లో ఆమెకు సరిగా అన్నం సహించలేదు.

నేరం తీవ్రమైనది కావడంతో విచారణకు ప్రధాన కార్యాలయం నుంచి ఒక అధికారి వచ్చారు. దొంగ చెక్కులు పట్టుకోవడంలో పేరున్న చేతిరాత నిపుణుడాయన. సంచిలోంచి భూతద్దం తీసి, మెమో నిజమైనదో కాదో ముందు తేల్చాలన్నారు. డైరెక్టరు గారి డిజిటల్ సంతకాలన్నీ పెద్ద కాగితాల మీద అచ్చు వేయించి, బల్ల మీద పరిచి, ఒక్కో వరస వేలితో పోల్చుతూ రెండు రోజులు కూర్చున్నారు. ఏ రెండూ కలవలేదు.

డైరెక్టరు గారిని పిలిచి అడిగారు. కలవకూడదని ఆయన విడమరచి చెప్పారు. సందేశం మారితే సంతకం మారాలి, అదే ఇందులోని గొప్పతనం, కాగితాన్ని కాగితంతో పోల్చకూడదు, పబ్లిక్ కీతో సరిచూడాలి అన్నారు. తన ఉద్యోగ జీవితంలో ఆయన ఇంత సరైన మాట ఎప్పుడూ అనలేదు. విచారణాధికారి ఆసాంతం ఓపిగ్గా విని గుమాస్తా చేత రాయించారు. "తన సంతకమును తానే ప్రతిసారి మార్చుచున్నట్లు డైరెక్టరు వాంగ్మూలములో అంగీకరించినారు."

తర్వాత కీలు బీరువాలోకి వెళ్ళకముందు మిగతా ఉద్యోగులు పంపినవాటి సంతకాలు చూశారు. అందరిదీ అదే వరస. ఒక్కరి సంతకం మాత్రం మొదటినుంచి చివరిదాకా అక్షరం తేడా లేకుండా ఉంది. అది భుజంగరావు గారిది. ప్రతిసారీ కొత్తగా సంతకం లెక్కగట్టించడం కాలయాపనగా తోచి, ఆయన మొదటి సందేశం కింద వచ్చిన మూడు వరసలనే తీసి తర్వాతివాటన్నిటి కిందా అతికిస్తూ వచ్చారు. రెహానా చెప్పిన లెక్కన ఆఫీసు మొత్తంలో చెల్లని సంతకాలు ఆయనవే. విచారణాధికారి లేచి నిలబడి ఆయనతో కరచాలనం చేశారు. ఇంత నిలకడైన సంతకం తన అనుభవంలో చూడలేదన్నారు.

నిర్ణయాలు వెంటనే వచ్చాయి. పరాంకుశం గారిని దీర్ఘకాలిక సెలవు మీద పంపించారు. ఆయన సంతకంతో వెలువడిన ఆదేశాలన్నీ అనుమానాస్పదం కాబట్టి హైమవతి మీది మెమోలు కూడా రద్దయ్యాయి. అవి తెరవకుండానే రద్దు కావడం వల్ల తన నేరమేమిటో ఆమెకు ఆఫీసు ముఖంగా ఎన్నటికీ తెలియలేదు. భుజంగరావు గారు ఇన్‌చార్జి డైరెక్టరయ్యారు.

కుర్చీలో కూర్చున్న మొదటి వారంలోనే ఆయన హైమవతిని పిలిపించారు. కూర్చోమన్నారు. చాలాసేపు ఫైలు తిరగేసి, చివరికి మామూలు మనిషిలా అడిగారు.

"చేసిన పని మంచిదే. నేనేం కాదనను. నాకొక్కటే అర్థం కావట్లేదమ్మా. కీ లేదు, ఆదేశం తెరవలేదు, ఫోనులో ఎవరూ చెప్పలేదు. దించాలని నీకెలా తెలిసింది?"

"నీళ్ళు చూశానండి," అంది హైమవతి.

భుజంగరావు గారు ఆ జవాబును కాసేపు పరిశీలించారు. ఆయన ముఖంలో ఆమె ఎన్నడూ చూడని ఒక వెలుగు వచ్చింది. ఇంత ముఖ్యమైన పద్ధతి ఇన్నాళ్ళూ ఏ నిబంధనా లేకుండా నడుస్తోందా అన్నారు.

వారం తిరక్కుండా సర్క్యులరు కాగితం మీద లాకుల దగ్గరికే వచ్చింది. హైమవతి వంతెన మీద నిలబడి చదివింది. మండలి పరిధిలోని నీటిని చూచు అధికారము ఇకమీదట అసిస్టెంటు ఇంజనీరు స్థాయికి తగ్గని అధికారులకు మాత్రమే ఉండును. చూడదలచిన వారు ముందస్తు అనుమతి పొందవలెను. చూచుట నెలాఖరు పనిదినమున, సాక్షుల సమక్షమున జరుగవలెను. చూచినది గోప్యముగా ఉంచవలెను.

యేసుబాబు ఏమొచ్చిందండి అని అడిగాడు. హైమవతి చెప్పింది. అతను ఒకసారి కిందికి చూసి, చూడకూడదేమోనని గబుక్కున తల తిప్పుకుని, ఆమె ముఖం వంక చూశాడు.

వంతెన కింద అప్పుడే పోటు మొదలవుతోంది. హైమవతి తీరిగ్గా వంగి, కమ్మీ మీద రెండు చేతులూ ఆనించి, నీళ్ళను కడదాకా చూసింది.

"దించు," అంది.